చేపు

"పాలు పడ్డాయా?"
గుంటూరు పెద్దాసుపత్రి బాలింతల వార్డులో
పేరు కంటే ముందు అడిగేది ఇదే.
పక్క మంచం పిల్ల వాళ్లమ్మ అడిగింది,
టీ కుర్రాడికి చిల్లర ఇస్తూ ఎవరో ముసలామె అడిగింది,
నరసరావుపేట నుంచి ఫోనులో మా పెద్దాడబిడ్డ అడిగింది.
పడలేదని చెప్పీ చెప్పీ
చేతిలో సొమ్ము ఎక్కడో పారేసుకొచ్చినదాన్లా
గోడవైపు తిరిగి పడుకున్నాను.

మొదటిరోజు వచ్చినవి
నువ్వులనూనె రంగులో నాలుగు చుక్కలు.
"ముర్రు అది, పిండి పారబొయ్యి" అంది మా అత్త ఎలీశమ్మ.
"ముందు నీ మెళ్లో గొలుసు తీసి పారెయ్,
తర్వాత అది పారబోద్దువుగాని" అంది ఆయా సామ్రాజ్యం.
"వాడి పొట్ట ఎంతనుకున్నావు? కుంకుడుకాయంత.
ఆ నాలుగు చుక్కలూ వాడికి పెళ్లిభోజనం."

రెండోరోజు
పట్టి, వదిలి, వెతికి, ఎర్రగా కందిపోయి ఏడ్చాడు.
మా ఆయన జకరయ్య ఎదురుగా ఉన్న మందుల షాపులో
పాలడబ్బా కొనుక్కొచ్చి
అప్పుకాగితంలా మంచం కింద పెట్టాడు.

"బోరింగు కొట్టావా ఎప్పుడైనా?" సామ్రాజ్యం అడిగింది.
కొట్టకేం? సంగడిగుంటలో మా సందు చివర,
ముందు గాలి, ఆ వెనక తుప్పు,
చేతులు పడిపోయాక నీళ్లు.
"ఇదీ అంతే. వాడు లాగితేనే కింద కదిలేది.
డబ్బా పడితే వాడు లాగడు, వాడు లాగకపోతే ఇది ఊరదు.
వాడు నిద్రపోతే నువ్వే చేత్తో పిండు."

చేత్తో.
ఆ మాట దగ్గర ఆగిపోయాను.
తొమ్మిదో నెల పడేదాకా
కోల్డ్ స్టోరేజీ వెనక రేకుల షెడ్డులో
కిలోకింతని మిరపకాయల తొడిమలు తీసిన చేతులివి.
మజ్జిగలో ముంచినా, కొబ్బరినూనె రాసినా
గోళ్ల మొదట్లో మంట అలాగే ఉండేది.
కన్ను నలుపుకుంటే ఆ రాత్రికి నిద్ర లేదు.
ఈ వేళ్లతో, ఆ మెత్తని చోట,
వాడి పెదాలు తగిలేచోట
ఎట్లా?

ఎవరికీ చెప్పలేదు.
చేతులు నైటీ మడతల్లో దాచుకున్నాను.
సామ్రాజ్యం చూసింది. ఏమిటని అడగలేదు.
నా కుడిచెయ్యి లాక్కుని
చూపుడువేలు తన నోట్లో పెట్టుకుంది,
రోటిపచ్చడి రుచి చూసినట్టు.
కాసేపు ఆలోచించింది.
"కారం లేదు. ఉప్పగా ఉంది.
ఏడ్చావుగా, అందుకు.
పో, సబ్బు పెట్టి కడుక్కురా."

ఆ రాత్రి రెండు గంటలకోసారి లేచాను.
ఉగ్గుగిన్నె అడుగు తడిస్తే గొప్ప.
ఆ తడినే చెంచాతో వాడి నాలుక మీద రాసి
మళ్లీ రొమ్ముకి ఆనించుకున్నాను.
మళ్లీ. మళ్లీ.

మూడో రాత్రికి రొమ్ములు రాళ్లయ్యాయి.
ఒళ్లు వెచ్చబడింది.
వేన్నీళ్ల గుడ్డ చల్లారి జారిపోయింది.
స్టేషన్‌లో ఏదో బండి కూసింది,
మావాడు కదలలేదు.
కిటికీ పక్క మంచంలో షంషాద్ కూతురు ఏడ్చింది.
ఆ ఏడుపు నాది కాదు, ఆ పిల్ల నాది కాదు,
ఐనా లోపల సూదులు గుచ్చినట్టు ఝల్లుమని
చేపు దిగింది.
నైటీ తడిసింది, దుప్పటి తడిసింది.
నిద్రపోతున్న నావాణ్ని లేపి
నోటికి అందిస్తూ నవ్వుతుంటే
చీకట్లో షంషాద్ కూడా నవ్వింది,
"మా పిల్ల పిలిస్తే మీకొచ్చాయా?" అని.

మర్నాడు సాయంత్రం
తడిపిన గుడ్డలు ఉతికి కిటికీ ఊచలకి ఆరేస్తూ
మా అత్త పైకే లెక్కపెట్టింది,
యార్డులో టిక్కీలు దించుకుంటున్నట్టు:
"అయిదు... ఆరు... ఇదిగో, ఇది ఏడు."

సీలు తీయని డబ్బా కొంగుచాటున పట్టుకుని బయల్దేరి
గుమ్మం దగ్గర ఆగింది.
"వెనక్కి తీసుకుంటాడంటావా?"

ఏమో అత్తా.
నన్నిప్పుడు కదిలించకు,
మింగుతున్నాడు, వినిపిస్తోంది.